‘నాలుగూ కలిపి పెట్టేస్తున్నా’ – టీకా తాత్పర్య సహితం

మూలం

“బాబాయ్, మ్యాథ్స్, స్టాట్స్, సీటీ, ఇంగ్లీష్ నాలుగూ కలిపి పెట్టేస్తున్నా, ఓకేనా?”

అవతారిక

కవి మా అన్నయ్య కొడుకు. స్థలం తెనాలి. కాలం రాత్రి 11:40, వాట్సాప్ సాక్షిగా. ఎంఈసీ చదివి, ఊళ్లోనే బీకాంలో చేరి, అది చాలక మద్రాసు ఐఐటీ వారు 2020లో ప్రకటించిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీ మీద కూడా మనసుపడ్డాడు. ఏకకాలంలో రెండు డిగ్రీలేమిటని శంకించనక్కరలేదు. ఒకటి కాలేజీకి వెళ్లి, మరొకటి ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చని యూజీసీ 2022లోనే అనుగ్రహించింది. ఈ డిగ్రీకి జేఈఈ అక్కర్లేదు. 4 వారాలు పాఠాలు చెప్పి, ఆపైన క్వాలిఫయర్ అనే పరీక్ష పెడతారు. మావాడు దాన్ని గట్టెక్కాడు. ఇక ఫౌండేషన్ అనే మొదటి మెట్టు మీద 8 సబ్జెక్టులు, ఒక్కోదానికి 4 క్రెడిట్లు. వాటిలో ముందుగా ఎత్తుకోదగినవి నాలుగు. ఆ నాలుగింటిలో ఎన్ని, ఏవి అన్నదే ఈ ఏకవాక్య కావ్యానికి వస్తువు.

మూలంలో లేనిది రాయనని మన కొలిచెలమ మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. ఆయనకు కాళిదాసు దొరికాడు గనక సాగింది. నాకు దొరికింది మావాడు. మూలంలో లేనివే ఎక్కువ రాయవలసి వస్తుంది, పండితులు మన్నించాలి.

ప్రతిపదార్థం

బాబాయ్ = ఓ పినతండ్రీ! సంబోధన. ‘నాన్నా’ అనకపోవడంలో ఔచిత్యం గమనించాలి. ఫీజు కట్టేవాణ్ణి సలహా అడిగితే ఫీజు ప్రస్తావన వస్తుంది.

మ్యాథ్స్ = గణితము, ప్రథమ భాగము. సరళరేఖలు, వర్గ సమీకరణాలు, బహుపదులు, లాగరిథమ్‌లు. ఎంఈసీ చదివినవాడికి ముప్పాతికమంది పాత చుట్టాలే. చివరి వారాల్లో వచ్చే గ్రాఫ్ థియరీ పాఠాలు మాత్రం ఇంటర్‌లో ముఖం చూడనివి. “ఇదంతా వచ్చిందేలే” అని వీడియోలు దాటించుకుంటూ పోయినవాణ్ణి వీధి మలుపులో పట్టుకునేవి అవే.

స్టాట్స్ = సంఖ్యాశాస్త్రము. సగటుతో నవ్వుతూ మొదలై సంభావ్యత దగ్గర గంభీరమవుతుంది.

సీటీ = ఇది నానార్థ పదం. మా వదిన ఈ సందేశం చూసి “సీటీ ఎందుకురా, తలనొప్పి మళ్లీ వచ్చిందా?” అని కంగారుపడింది. స్కానింగు కాదు, కంప్యుటేషనల్ థింకింగ్. కంప్యూటర్ ముట్టుకోకుండానే ప్రోగ్రాము రాసేవాడి బుర్రను తయారుచేసే పాఠం. ఒక చీటీల కట్ట ఇస్తారు. కొన్ని చీటీల మీద పిల్లల మార్కులు, కొన్నిటి మీద కిరాణా బిల్లులు, కొన్నిటి మీద ఒక పేరాలోని మాటలు. ఒక్కో చీటీ తీసి, చూసి, పక్కన పెడుతూ అన్నిట్లోకీ పెద్ద బిల్లు ఎవరిదో చెప్పాలి. మా బజారులో కిరాణా కొట్టు గుమాస్తా నెలాఖరున చేసే పని అచ్చంగా ఇదే, కాకపోతే ఆయన దాన్ని సూడోకోడ్ అనడు. ఇంత తేలికా అనుకునేలోపు ఒక చీటీని మిగతా చీటీలన్నిటితోనూ పోల్చమంటారు. అక్కడ గుమాస్తా కూడా లేచి నిలబడతాడు.

ఇంగ్లీష్ = ఆంగ్లము. స్పష్టం.

నాలుగూ = తుది దీర్ఘం సాకల్యార్థకం, ఏ ఒక్కటీ విడవనని. ‘నాలుగు’ అంటే లెక్క, ‘నాలుగూ’ అంటే పంతం. పద్దెనిమిదేళ్ల వయసంతా ఆ ఒక్క దీర్ఘంలో ఉంది.

కలిపి = క్త్వార్థకం. కావ్యానికి ఆయువుపట్టు ఇదే గనక కాస్త ఆగాలి.

కలపడం రెండు విధాలు. సంచిలో సరుకులు కలుస్తాయి, విస్తట్లో పులిహోర కలుస్తుంది. మొదటిదానికి సంచి పెద్దదైతే చాలు. రెండోదానికి ఏది దేనితో పొసుగుతుందో తెలియాలి. మావాడు సంచి అర్థంలో వాడాడు. నేను విస్తరి అర్థంలో వ్యాఖ్యానిస్తాను.

నాలుగు మాటలు పక్కపక్కన పడేస్తే వాక్యం కాదనీ, ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ ఉండాలనీ మన శాస్త్రకారులు చెప్పారు. నాలుగు సబ్జెక్టులు కలిసి ఒక టర్మ్ కావడానికీ ఆ మూడే కావాలి.

ఆకాంక్ష అంటే ఒక మాట ఇంకో మాట కోసం ఎదురుచూడటం. పైథాన్ ప్రోగ్రామింగ్ తీసుకోవాలంటే ముందు సీటీ గట్టెక్కాలి. రెండో గణితానికి మొదటి గణితం కావాలి. రెండో స్టాట్స్‌కు మొదటి స్టాట్స్ ఒక్కటే చాలదు, మొదటి గణితమూ కావాలి, పైగా రెండో గణితం పక్కన కూర్చోవాలి. రెండో ఇంగ్లీషుకు మొదటి ఇంగ్లీషు చాలు, మరెవరి ముఖమూ చూడదు.

యోగ్యత అంటే పొసగడం. ‘నిప్పుతో మొక్కలు తడిపాడు’ అన్నది వ్యాకరణానికి లొంగినా అర్థానికి లొంగదు. ఇక్కడ యోగ్యత క్వాలిఫయర్ మార్కులు తేలుస్తాయి. మొదటి టర్మ్‌లో ఎన్ని సబ్జెక్టులు తీసుకోనిస్తారన్నది వాటిని బట్టే. మావాడికి నాలుగింటికీ అనుమతి వచ్చింది. వచ్చిన అనుమతిని ఆజ్ఞ అనుకోవడం మా వంశాచారం.

సన్నిధి అంటే దగ్గరగా ఉండటం. ‘ఆవును’ అని పొద్దున, ‘తోలుకురా’ అని సాయంత్రం అంటే వాక్యం కాదు. ఆన్‌లైన్ చదువులో కష్టం దీనికి తలకిందులు. అక్కడ అన్నీ మరీ దగ్గరగా ఉంటాయి. వారం వారం అసైన్‌మెంట్లు గుంపుగా గడువుకొస్తాయి, నాలుగు సబ్జెక్టుల క్విజ్‌లూ ఒకే ఆదివారం పడతాయి. పాఠం ఇంట్లో విన్నా ఆ పరీక్ష మాత్రం కేంద్రానికి వెళ్లి రాయాలి. కాలేజీలో అయితే ఒక మాస్టారు రాకపోతే ఇంకొకాయన పాఠం నెమ్మదిగా సాగుతుంది. వీడియోలో మాస్టారికి జ్వరం రాదు.

పెట్టేస్తున్నా = ‘పెట్టు’కు ‘వేయు’ తోడైంది. చెప్పేయడం, కట్టేయడం, వదిలేయడంలో ఉన్న ‘వేయు’ ఇదే. పని వదిలించుకునే తొందర వ్యంగ్యం. దీని కాలం మీద వివాదం ఉంది, చివర చూద్దాం.

ఓకేనా = ఆంగ్ల ప్రకృతి, తెలుగు ప్రత్యయం. అడిగింది అభిప్రాయం కాదు, అక్షతలు.

తాత్పర్యం

సబ్జెక్టుకు వారానికి 10 గంటలు కావాలని ఆ ఐఐటీ వారే చెబుతారు. నాలుగింటికి 40. బీకాం కాలేజీ పొద్దున 9 నుంచి సాయంత్రం 4 దాకా, వారానికి 6 రోజులు, అంటే 42. రోజుకు 7 గంటల చొప్పున నిద్ర 49. వారానికి ఉన్నవి 168 గంటలు. తీసివేయగా మిగిలేవి 37. తిండికీ, స్నానానికీ, ఫోనుకూ కాగితం మీద దివ్యంగా సరిపోతాయి. కాగితం మీద మా నాన్నగారు కొన్న పొలం కూడా అయిదెకరాలే. గొలుసు పట్టి కొలిస్తే నాలుగున్నర.

పూర్వపక్షం: యూట్యూబ్ వ్యాఖ్యాతలు కొందరు “ఇంగ్లీషు వదిలెయ్, మిగతా మూడూ పట్టు” అంటారు. గణితం రెండు తలుపులు తెరుస్తుంది, స్టాట్స్ ఒకటి, సీటీ ఒకటి. ఇంగ్లీషు తెరిచేది తన తలుపే గనక అది ఎప్పుడైనా ఒకటేనని వారి యుక్తి.

సిద్ధాంతం: ఈ యుక్తి తలుపులను చూసింది, నడిచేవాణ్ణి చూడలేదు. ఇంగ్లీషు తీసేస్తే మిగిలిన మూడూ కాగితం, పెన్ను పట్టి కూర్చోవలసినవే. విస్తట్లో ఆవకాయ, గోంగూర, చింతకాయ మాత్రమే వడ్డించి పెరుగు వచ్చే పూట వేస్తామన్నట్టు. తీరా వచ్చే టర్మ్‌కు పైథాన్, రెండో గణితం, రెండో స్టాట్స్ వరసగా వచ్చి కూర్చుంటాయి. అప్పుడు పెరుగు మిగిలి ఉంటుంది, కలుపుకునే చెయ్యి ఉండదు. కనక ఆపవలసింది స్టాట్స్ అని నా మతం. దాని రెండో భాగం ఎలాగూ గణితం వచ్చేదాకా గుమ్మంలో నిలబడవలసిందే. తెలిసిన గణితం ఒకటి, కొత్తదైన సీటీ ఒకటి, లెక్కలడగని ఇంగ్లీషు ఒకటి. మూడు. ఎంఈసీ చదవనివాడికి ఈ సిద్ధాంతం వర్తించదు. గణితమే కొత్తదైనవాడు గణితానికి తోడు ఇంగ్లీషుతో సరిపెట్టుకున్నా నేను తప్పుపట్టను.

ఆక్షేపం: జనవరి, మే, సెప్టెంబరు అని ఏడాదికి మూడు టర్ములు. ఒకటి వదిలితే నాలుగు నెలలు పోయినట్టే కదా? సమాధానం: వదిలిన సబ్జెక్టుకు నాలుగు నెలలే పోతాయి. తప్పిన సబ్జెక్టుకు ఆ నాలుగు నెలలూ పోయి, ఫీజు రెండోసారి కట్టాలి. ఈ భాగం మా అన్నయ్యకు కంఠతా వచ్చింది.

విశేషం

పైదంతా రాసి రాత్రి ఒంటిగంటకు పంపాను. పొద్దున అన్నయ్య ఫోన్ చేశాడు. బ్యాంకు మెసేజీ ప్రకారం నాలుగు సబ్జెక్టుల ఫీజూ రాత్రి 11:31కే వెళ్లిపోయింది. మూలంలోని ‘పెట్టేస్తున్నా’ భూతార్థంలో వాడిన వర్తమానం అని సవరించుకోవాలి. ‘ఓకేనా’ అన్నది ప్రశ్న కాదు, కావ్యాంతంలో మంగళం.

వాడి నుంచి జవాబు కూడా వచ్చింది. ‘సూపర్ బాబాయ్’ అని, పక్కన దండం పెట్టే బొమ్మ. చదివాడో లేదో ఆ బొమ్మను బట్టి నిర్ణయించలేం.

క్యాలెండర్ తెరిచి చూశాను. వాడి మొదటి క్విజ్ పడిన ఆదివారం వాడు విజయవాడ కేంద్రంలో ఉండాలి. అదే ఆదివారం తెనాలిలో మా మేనకోడలి నిశ్చితార్థం, విస్తళ్ల దగ్గర వడ్డన వాడిదేనని నెల కిందటే ఖాయమైంది. ఈ సన్నిధి సంగతి వదినకు ఇంకా ఎవరూ చెప్పలేదు. సీటీ స్కాను కాదని ఆవిడకు నచ్చజెప్పేసరికే మధ్యాహ్నమైంది.