ఆగే పనులు, ఆగని పనులు

మా రోజుల్లో పనులు రెండే రకాలురా అబ్బాయ్: ఆగేవి, ఆగనివి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఏ తెలుగింటి పిల్లాణ్ణి అడిగినా ఆ తేడా చెప్పేవాడు. అర్ధరాత్రి కాల్‌బాయ్ తలుపు కొట్టి రిజిస్టరులో సంతకం పెట్టించుకున్నాడంటే నాన్న లేచి డ్యూటీకి పోవలసిందే. అది ఆగదు. పిల్లకి జ్వరం ఆగదు. చావు కబురు మోసుకొచ్చిన టెలిగ్రాం ఆగదు. తక్కినవన్నీ ఆగేవి.

విజయనగరం మేనమామ కార్డుకి జవాబు ఆదివారం రాసేవాళ్లం. గొడుగు బాగుచేయించడం బుధ్వారీ బజారుకి వెళ్లినప్పుడు. గోడలకి సున్నం సంక్రాంతికి. ఊరి ప్రయాణం పాసు చేతికొచ్చాకే. రాయపూర్ నుంచి విజయనగరం దాకా 1931లో లైను పూర్తయింది కదా, మావాళ్ల రాకపోకలన్నీ ఆ దారినే. పార్వతీపురం వచ్చేసరికి ప్లాట్‌ఫారం మీద మన తెలుగు వినపడేది, అమ్మ ముఖం విచ్చుకునేది. ఏడాదంతా ఆగినందుకే ఆ సంతోషం. ఇప్పుడు మీకు ఏడాది కాదు, పావుగంట ఆగమన్నా కోపమే.

ఏటి చెబుతున్నాను? ఆఁ, ఆగడం. మెయిలు బండి వస్తోందంటే కోర్బా బొగ్గు గూడ్సుని పక్కనున్న లూప్ లైన్లో నిలిపేవారు. బొగ్గు చెడిపోదు; మెయిల్లో పెళ్లికి వెళ్లేవాళ్లకి ముహూర్తం తప్పిపోతుంది. ఇప్పుడు అదీ తిరగబడింది. 2022 ఎండాకాలంలో కరెంటు కేంద్రాలకి బొగ్గు చేర్చాలని ప్యాసింజర్ బళ్లనే రద్దు చేశారు. కరెంటు అక్కర్లేదని నేననను. కానీ జనం ఆగడం, బొగ్గు ముందు పోవడం మా కాలంలో ఊహకైనా అందేది కాదు.

మీ ఫోనూ అంతే. అందులో వచ్చేవన్నీ మెయిళ్లే, లూప్‌లో పెట్టదగ్గ గూడ్సు ఒక్కటీ ఉండదు. అన్నం ముద్ద చేతిలో ఉండగానే ఎవడో పంపిన పువ్వుల బొమ్మకి జవాబివ్వాలి. ఊళ్లోనే తోర్వాలో మంచం పట్టిన పెద్దమ్మని చూసిరారా అంటే మాత్రం "వచ్చే వారం చూద్దాం తాతా". ఆగాల్సింది పరిగెడుతోంది, ఆగకూడనిది వాయిదా పడుతోంది. 2013లో టెలిగ్రాం ఎత్తేశారు, కష్టం కబురు ఇప్పుడు క్షణంలో చేరుతోంది. అది మంచిదేనని ఒప్పుకుంటాను. ఆ తొందర చావుబతుకులకి ఉండాలి గానీ పువ్వుల బొమ్మకెందుకు?

కరెంటు బిల్లుకి ఇంకా గడువుంది. ఆ వీడియో రేపు చూడొచ్చు. ముందు లే, పెద్దమ్మ దగ్గరికి వెళ్లి కాసేపు కూర్చుని రా. నాతో వాదన వచ్చాక పెట్టుకుందువు గాని, అది ఆగుతుంది.