ప్లేటుకు సీసం, డాక్టరుకు శ్రీరామరక్ష

పాత ఎక్స్‌రే యంత్రాల ఫొటోలు చూపించినప్పుడల్లా వైద్య చరిత్ర చెప్పేవాళ్ళ నోట అలవాటుగా వచ్చే మాట ఒకటుంది: ‘పాపం, అప్పట్లో ఎవరికీ తెలియదు.’ వినడానికి ఎంతో హుందాగా ఉంటుంది. పోయినవాళ్ళ మీద జాలి చూపినట్టూ అవుతుంది, యంత్రం తయారుచేసి అమ్మినవాళ్ళ మీద నేరమూ పడదు. ఇంతమందిని ఒక్క వాక్యంతో విడిపించగల ప్లీడరు ఏ కోర్టులోనూ ఉండడు. ఒక్కటే చిక్కు. ఆ యంత్రాలను ఎలా కట్టారో కాస్త దగ్గరికెళ్ళి చూస్తే ఈ మాట నిలవదు.

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో భౌతికశాస్త్రవేత్త రాంట్‌జెన్ ఈ కిరణాలను గుర్తించాడు. డిసెంబరు 28న సమర్పించిన తొలి వ్యాసంలోనే, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం సీసపు రేకు వీటిని దాదాపు పూర్తిగా ఆపేస్తుందని రాశాడు. అంటే రోగమూ దాని విరుగుడూ ఒకే వ్యాసంలో అచ్చయ్యాయన్నమాట. 1896 మార్చి నాటి రెండో వ్యాసంలో, మనిషి లోపల నిలబడి పనిచేసుకునేంత పెద్ద జింకు పెట్టె ఒకటి కట్టించి, ట్యూబు వైపు గోడకు సీసం వేయించిన సంగతి చెప్పాడు. ఒంటి మీద ప్రేమతో కాదు, కొలతలు చెడిపోకూడదని. కొలతల కోసం కట్టిన గోడ మనిషికీ అడ్డుపడింది, అది ఆయన అదృష్టం.

మిగతావాళ్ళు సీసం కొనలేదని కాదు, కొన్నారు. ఎవరికోసం? ఫొటో ప్లేట్ల కోసం! వాడని ప్లేట్లు ట్యూబు దరిదాపుల్లో ఉంటే కిరణాలు సోకి మసకబారిపోతాయి. అందుకని వాటిని సీసం తాపడం చేసిన పెట్టెల్లో భద్రంగా దాచేవాళ్ళు. ప్లేటు పాడైతే మళ్ళీ డబ్బు పెట్టాలి మరి. సహాయకుడు మాత్రం అదే గదిలో, అదే ట్యూబు పక్కన, చొక్కా చేతులు పైకి మడుచుకుని నిలబడేవాడు. గాజు పలకను పాడుచేసే కిరణం ఒంటిని మాత్రం మర్యాదగా తప్పుకుపోతుందని ఏ భౌతికశాస్త్రం చెప్పిందో!

ఇక ఆ ట్యూబు. మొదటి పదిహేడేళ్ళూ రాజ్యమేలింది పల్చని గాజు బుడ్డి. లోపలి గాలిని చాలావరకు తోడేసి, కొద్దిగా మాత్రం మిగిల్చేవారు. ఆ మిగిలిన కాస్త వాయువు ఉంటేనే ట్యూబు పనిచేస్తుంది. పక్కన ట్యూబుకు విద్యుత్తు అందించే ఇండక్షన్ కాయిల్. దాని గొప్పతనాన్ని అది విసిరే నిప్పురవ్వ పొడవును బట్టి చెప్పుకునేవారు: పది అంగుళాల కాయిల్, పన్నెండు అంగుళాల కాయిల్ అని. లండన్ కింగ్స్ కాలేజీకి చెందిన హెర్బర్ట్ జాక్సన్ పుణ్యమా అని లోపల పుటాకారపు కాథోడు, ఏటవాలుగా పెట్టిన ప్లాటినం రేకు వచ్చి, కిరణాలు ఒక చిన్న చుక్క నుంచి బయల్దేరడం మొదలైంది. బొమ్మలు స్పష్టంగా వచ్చాయి. కానీ వాడేకొద్దీ లోపలి వాయువు తరిగిపోయి ట్యూబు ‘గట్టిపడేది’. గట్టిపడితే కిరణాలు ఎముకనూ కండనూ కూడా దూసుకుపోయి బొమ్మలో తేడా తెలిసేది కాదు. మెత్తగా ఉంటే చర్మం కూడా దాటేవి కావు. పక్కనున్న చిన్న గొట్టంలో రసాయనం పెట్టి వేడిచేసి కాస్త వాయువు వదలడం, లేదా పల్లాడియం గొట్టాన్ని మంటలో పెట్టి హైడ్రోజన్ లోపలికి పాకేలా చేయడం, ఇలా ట్యూబును బుజ్జగించడానికి కనిపెట్టిన ఉపాయాలకు అంతులేదు. అత్తగారింటికి తొలిసారి వచ్చిన కొత్తల్లుడికి కూడా అన్ని మర్యాదలు జరగవు.

ట్యూబు గారి మనసు ఇవాళ ఎలా ఉందో తెలుసుకోవడం ఎలా? దానికి దొరికిన పరికరం అందరి దగ్గరా ఉచితంగా ఉన్నదే. సొంత చెయ్యి. కాయిల్ వేసి, కిరణాలు పడితే మెరిసే తెరకు చెయ్యి అడ్డం పెట్టి, ఎముకలు నల్లగా, కండ పల్చగా కనిపిస్తే సరే అనుకుని రోగిని పిలిచేవాళ్ళు. రోజుకు ఎన్నిసార్లు మీట నొక్కితే అన్నిసార్లు. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ గాజు పనివాడు. ట్యూబులు తయారుచేయడమూ ఆయన పనే, వాటిని సొంత చేతులతో పరీక్షించడమూ ఆయన పనే. ఒక చెయ్యి పుండైతే రెండోది వాడాడు. చివరికి రెండు చేతులూ తీసేయాల్సి వచ్చింది. 1904లో 39 ఏళ్ళకే పోయాడు. ఎడిసన్ ఆ కిరణాలంటే తనకు భయమని చెప్పి పక్కకు తప్పుకున్నాడు. భయపడటానికి ఆయనకు ఇంకొకడి చేతులు అవసరమయ్యాయి. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో జాన్ హాల్ ఎడ్వర్డ్స్ 1908లో ఎడమ చేతినీ, కుడి చేతి నాలుగు వేళ్ళనూ పోగొట్టుకున్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు తెలుసు. ఇక్కడ చేతులు కాలాక పట్టుకున్నవి సాకులు. 1896 వేసవిలోనే, న్యూయార్క్ బ్లూమింగ్‌డేల్స్ దుకాణంలో రోజూ గంటల తరబడి యంత్రం ఆడించి చూపిన హాక్స్ అనే యువకుడికి చర్మం కమిలి, వెంట్రుకలు ఊడిన సంగతి పత్రికలకెక్కింది. కిరణాలా? ఛ, అవి ఎందుకు చేస్తాయి! కాయిల్ చుట్టూ ఉన్న విద్యుత్తు చేసిందన్నారు. సాక్షాత్తూ టెస్లా, గాలిలో పుట్టే ఓజోన్ మీద అనుమానం పెట్టాడు. విద్యుత్తును భూమిలోకి పంపే పల్చని అల్యూమినియం తెర అడ్డుపెట్టుకోమన్నారు. ఎక్స్‌రేలకు అల్యూమినియం తెర అంటే దోమలకు చేపల వల. ఇంకొందరు అసలు తప్పు రోగి చర్మానిదేనన్నారు, కొందరి ఒంటికి పడదట. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెతకు ఇంత మంది ఇంజనీర్లు కలిసి పనిచేసిన ఉదాహరణ మరొకటి దొరకదు.

నిజం కనుక్కోవడానికి ఏళ్ళేమీ పట్టలేదు. ఇంజనీరు ఎలిహూ థామ్సన్ 1896లోనే తన ఎడమ చేతి చిటికెన వేలిని కావాలనే ట్యూబుకు దగ్గరగా పెట్టి చూశాడు. వేలు వాచి, నొప్పెట్టి, బొబ్బలెక్కింది. కారణం కిరణాలేనని అచ్చు వేయించాడు. బోస్టన్ దంతవైద్యుడు విలియం రోలిన్స్ 1901లో గినీపందులను, విద్యుత్తు సోకే అవకాశం లేకుండా భూమికి కలిపిన లోహపు పెట్టెలో ఉంచి కిరణాలు పడనిచ్చాడు. విద్యుత్తు లేదు, కాలిన గాయమూ లేదు, గినీపందులు మాత్రం చచ్చాయి. ట్యూబును కిరణాలు దాటలేని పెట్టెలో బిగించండి, చూసేవాళ్ళు కిరణాలను అడ్డుకునే కళ్ళద్దాలు పెట్టుకోండి, రోగి ఒంట్లో చూడాల్సిన భాగం మీదే కిరణాలు పడనిచ్చి మిగతాది కప్పండి అని మూడు మాటలు చెప్పాడు. నేటి ఆసుపత్రి గదుల్లో పాటించేవి సుమారుగా ఇవే. అప్పటి పెద్దలు ఆయన మాట విని, తలూపి, మామూలు పనిలో పడ్డారు. అంత సీసం మోయడం కష్టం కదా!

మోయడం నిజంగా కష్టమా? 1898లో సూడాన్ దండయాత్రకు వెళ్ళిన బ్రిటిష్ వైద్యాధికారి బ్యాటర్స్‌బీ ఎడారి దాకా ఎక్స్‌రే సామగ్రి మోయించాడు. కరెంటు లేకపోతే సైనికులను సైకిలెక్కించి పెడళ్ళు తొక్కించి డైనమో తిప్పించాడు. ఎండకు సామాను చెడకుండా పెట్టెలకు మందపాటి ఫెల్టు తొడిగించి, దాన్ని ఎప్పుడూ తడిగా ఉంచాడు. యంత్రానికి వడదెబ్బ తగలకూడదంటే తెలివి ఎక్కడినుంచైనా పుట్టుకొస్తుంది.

జనం భయాలు ఇంకో దారిలో ఉన్నాయి. 1896లో న్యూజెర్సీ శాసనసభలో ఒక సభ్యుడు, నాటకశాలల్లో వాడే దుర్భిణుల్లో ఎక్స్‌రేలు వాడకూడదని బిల్లు పెట్టాడని నాటి పత్రికలు రాశాయి. చర్మం పోతుందని కాదు, పరువు పోతుందని.

తర్వాత న్యూయార్క్ సర్జన్ కార్ల్ బెక్, ట్యూబు పరీక్షకు అస్థిపంజరపు చేతిని తెరకు బిగించిన పరికరం తయారుచేశాడు. చచ్చినవాడి చెయ్యి వాడితే బతికున్నవాడి చెయ్యి మిగులుతుందన్నమాట. ఈ మాత్రం ఆలోచనకు నోబెల్ బహుమతి అక్కర్లేదు, ఒక ఎముకల చెయ్యి చాలు. అయినా చర్మం ఎర్రబడటమే కిరణాల మోతాదుకు కొలబద్దగా ఎన్నో ఏళ్ళు చలామణీ అయింది. కిరణాలకంటూ ఒక కొలత యూనిట్ 1928లో స్టాక్‌హోమ్ సమావేశంలో గానీ ఖాయం కాలేదు. 1913లో అమెరికా శాస్త్రవేత్త కూలిడ్జ్ టంగ్‌స్టన్ తీగను వేడిచేసే కొత్త ట్యూబు తెచ్చాడు. దానికి వాయువూ అక్కర్లేదు, బుజ్జగింపులూ అక్కర్లేదు, మీట తిప్పితే చెప్పినట్టు వింటుంది. చెయ్యి అడ్డం పెట్టడానికి ఇక ఏ సాకూ మిగల్లేదు. 1936లో హాంబర్గ్ సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో ఎక్స్‌రేలకు బలైనవారికి స్మారకశిల నిలిపారు. తొలిరోజు దాని మీద 169 పేర్లున్నాయి.

ఎవరికీ తెలియకపోవడం వల్లే ఇదంతా జరిగిందని ఇంకా నమ్మేవాళ్ళకు చెప్పుల దుకాణం ఒకటి చూపించాలి. శిల మీద పేర్లు చెక్కుతున్న కాలంలోనే అమెరికా, బ్రిటన్‌లలో బూట్లు అమ్మేవాళ్ళు చెక్క బీరువాల్లాంటి ఎక్స్‌రే యంత్రాలు కొంటున్నారు. పిల్లవాడు పాదాలు కిందున్న సందులో పెడితే, పైనున్న మూడు కిటికీల్లోంచి పిల్లవాడు, తల్లి, అమ్మేవాడు ముగ్గురూ వేళ్ళ ఎముకలు బూటులో ఎలా ఆడుతున్నాయో చూడొచ్చు. ట్యూబు సరిగ్గా అరికాళ్ళ కింద, మధ్యలో పల్చని అల్యూమినియం రేకు. అవును, మళ్ళీ అల్యూమినియమే! అమెరికాలో ఇలాంటివి సుమారు 10,000 దాకా నడిచాయి. మొదటగా నిషేధించిన రాష్ట్రం పెన్సిల్వేనియా, 1957లో. అంటే రోలిన్స్ గినీపందులు చచ్చిన 56 ఏళ్ళకు. కొన్ని రాష్ట్రాలు నిషేధం దాకా వెళ్ళకుండా షరతులతో సరిపెట్టాయి. లైసెన్సున్న వైద్యుడే యంత్రం నడపాలన్న షరతు కూడా వాటిలో ఉంది. బూట్లు బిగుతుగా ఉన్నాయో లేదో చెప్పడానికి ఎండీ చదివినవాడు కావాలన్నమాట, పిల్లవాణ్ణి ‘బొటనవేలు తగులుతోందా నాన్నా’ అని అడగడం మాత్రం ఎవరికీ తోచలేదు.