వీధి తలుపు లేని ఇల్లు

రీబూట్ చేయకుండా లైనక్స్ ఎక్కించానని 41 రోజులు ఊరంతా చెప్పుకు తిరిగాను. ఊరంటే మా బావమరిదీ, ఆఫీసులో ఇంకో ఇద్దరూ.

నా పెన్‌డ్రైవ్‌లో డెబియన్ 12 లైవ్ ఉంది. ఇన్‌స్టాలర్ కూడా అందులోనే ఉంది. నాలుగుసార్లు నెక్స్ట్ కొట్టి, ఆఖర్న రీబూట్ చేస్తే అయిపోయే పని. అలా చేస్తే నా గొప్పేముంది?

లైవ్‌లో మనం చేసే మార్పులన్నీ ర్యామ్‌లోనే ఉంటాయి, డిస్కు జోలికి పోవు. అందుకని డిస్కును తీరిగ్గా ఫార్మాట్ చేసి, మౌంట్ చేసి, డీబూట్‌స్ట్రాప్‌తో మూల ప్యాకేజీలు దాంట్లోకి దింపాను. సీహెచ్‌రూట్‌తో లోపలికి దూరి కెర్నెల్ వేశాను, పాస్‌వర్డ్ పెట్టాను, ఎఫ్‌ఎస్‌ట్యాబ్ రాశాను. ఇంతవరకూ బుద్ధిమంతుడి పనే.

ఆ తర్వాత కెఎక్సెక్. 2005లో 2.6.13తో లైనక్స్‌లోకి వచ్చిన సదుపాయం. నడుస్తున్న కెర్నెలే కొత్త కెర్నెల్‌ను మెమరీలోకి తెచ్చుకుని, బయోస్‌నూ బూట్‌లోడర్‌నూ అడక్కుండా నేరుగా దాని చేతికి పగ్గాలిచ్చేస్తుంది. ఎంటర్ కొట్టాను. తెర ఒకసారి నల్లబడి, కొత్త సిస్టమ్ లాగిన్ అడిగింది. "ఇదీ ఒక రకం రీబూటే కదా బావా" అన్నాడు బావమరిది. వాడికేం తెలుసులే అనుకున్నాను.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ చచ్చి చాలాకాలమైంది, కొత్తది రేపు కొందాం రేపు కొందాం అని నేనే వాయిదా వేస్తూ వచ్చాను. కరెంటు వచ్చాక చూస్తే, బూట్ అయ్యే డిస్కే లేదంటోంది మెషీను.

డిస్కు పోయిందని తేల్చేశాను. వైర్లు పీకి మళ్లీ గుచ్చాను. చెవి దగ్గర పెట్టుకుని చప్పుడు విన్నాను, ఏం వినపడాలో తెలియకపోయినా. మర్నాడు దుకాణానికి వెళ్లి 2,400 పోసి కొత్తది కొన్నాక, పాత దాంట్లో ఏమైనా మిగిలిందేమో చూడమని అక్కడి కుర్రాడికిచ్చాను. వాడు తన మెషీనుకు తగిలించాడు. ఫైళ్లన్నీ భద్రంగా ఉన్నాయి.

"డిస్కు బానే ఉంది సార్. గ్రబ్ ఏది?"

గ్రబ్, అంటే బూట్‌లోడర్! ఇన్‌స్టాలర్ అయితే తానే వేసేది. డెబియన్‌లో కెర్నెల్ ప్యాకేజీ గ్రబ్‌ను వెంటబెట్టుకుని రాదు, మనమే వేసుకోవాలి. నేను గోడ దూకి ఇంట్లోకి వెళ్లి, వీధి తలుపు పెట్టించడమే మరిచిపోయాను. మొదటి రోజే ఒక్కసారి రీబూట్ కొట్టి ఉంటే అప్పుడే తెలిసేది. కొట్టకపోవడమే కదా నా గొప్ప!

ఇంటికొచ్చి అదే పెన్‌డ్రైవ్ పెట్టి, అదే సీహెచ్‌రూట్‌లోకి వెళ్లి గ్రబ్ వేశాను. ఐదు నిమిషాలు పట్టింది. అమ్మిన సరుకు వాపసు తీసుకోం అన్నాడు దుకాణదారు. కొత్త డిస్కు ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. బావమరిదికి మాత్రం పాత డిస్కు కాలిపోయిందనే చెప్పాను.