మచ్చ పడ్డవి ముందు

చిన్న చిన్న సంతోషాలు ఎవరికైనా అప్పనంగా దొరుకుతాయని లోకంలో ఒక నమ్మకం ఉంది. దాన్ని ప్రచారం చేసేవారు రసం మామిడిపండును చెంచాతో తినేవారై ఉండాలి, ఎందుకంటే ఆ పండును పద్ధతి ప్రకారం తిన్న మనిషెవరూ అందులోని ఆనందం తేలిగ్గా వచ్చిందని అనజాలరు. ఉద్యోగం, పెళ్లి, సొంత ఇల్లు వంటి పెద్ద సంతోషాలకు డబ్బూ పలుకుబడీ ఉంటే చాలావరకు సరిపోతుంది. చిన్న సంతోషాలకు మాత్రం విద్య కావాలి, ఆ విద్య నేర్పే మనిషి కావాలి. ఆ మనిషి సాధారణంగా ఇంట్లోనే, ఎవరి దృష్టిలోనూ గొప్పవాడు కాకుండా, వసారాలో పడక కుర్చీలో కూర్చుని ఉంటాడు.

తెలుగువారు మామిడిపండ్లను స్థూలంగా రెండు తెగలు చేశారు. కత్తితో కోసి ముక్కలుగా తినేవి ఒక తెగ; చేత్తో పిసికి, తొడిమ దగ్గర చిల్లు చేసి జుర్రుకునేవి, అంటే రసాలు, రెండో తెగ. మొదటి తెగకు పెద్ద బంగినపల్లి. నంద్యాల జిల్లాలోని బనగానపల్లె పేరుతో వెలసిన ఈ పండు 2017లో భౌగోళిక సూచిక, అనగా ఫలానా పేరు ఫలానా ప్రాంతపు సరుకుకే చెల్లుతుందని ప్రభుత్వం ఇచ్చే రక్షణ, సంపాదించుకుని, పీచు లేని కండతో, పలుచని టెంకతో, సభామర్యాద తెలిసిన పండుగా పేరు తెచ్చుకుంది. అతిథి దాన్ని ఫోర్కుతో పొడిచి తిన్నా అది అభ్యంతరం చెప్పదు. చిన్న రసం, పెద్ద రసం, చెరకు రసం వంటి రెండో తెగ పండ్లకు ఈ మర్యాదలేవీ పట్టవు. వాటిలో పీచు ఎక్కువ, రసం ఇంకా ఎక్కువ, తినేవాడి హోదా మీద గౌరవం శూన్యం. జిల్లా కలెక్టరుకైనా మోచేతి దాకా కారవలసిందే. (కలెక్టరు పేరుతోనే ఒక మామిడి రకం ఉన్నదనీ, తోతాపురి అని కూడా పిలిచే ఆ కాయ చిత్తూరు ప్రాంతంలో చాలావరకు గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుందనీ ఇక్కడ చెప్పుకోవచ్చు గాని, దాన్నిబట్టి పరిపాలన గురించి ఏ నిర్ధారణకూ రాకూడదు.)

కృష్ణా డెల్టా ఊళ్లలో ఈ రెండో తెగ విద్యను పూర్తిగా ఎరిగిన పెద్దలు ఇప్పటికీ ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు కనిపిస్తారు. అటువంటివారిలో, బడిలో లెక్కలు చెప్పి రిటైరైన ఒక తాతగారిని ఉదాహరణగా తీసుకుంటే విషయం తేటపడుతుంది. నూజివీడు వైపు నుంచి వచ్చిన గంప అరుగు మీద దిగగానే ఆయన చదువు ఒక మూలకు పోతుంది. పాతకాలపు వర్తకులు సరుకు లెక్కించేటప్పుడు ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని మొదలుపెట్టి, ఆపైన రెండు, మూడు అని సాగుతారు. జీవితమంతా అంకెల విషయంలో పిల్లల చెవులు మెలేసిన ఆ మనిషి ‘లాభం, రెండు, మూడు’ అన్న ఈ లెక్కను తల ఊపుతూ ఒప్పుకుంటాడు. ఆ లాభం ఎవరికని మాత్రం ఒక్కనాడూ అడగడు. లెక్క ముగిశాక కొసరు, అనగా లెక్కకు పైన ఊరికే ఇచ్చే కాయ, కోసం బేరం మొదలవుతుంది. ఒక్క కాయ కోసం అరగంట వాదించడం లోభమని కోడళ్లు అనుకుంటారు గాని, వానలు, పూత, కొడుకుల ఉద్యోగాలు, మోకాళ్ల నొప్పులు అన్నీ చర్చకు వచ్చేది ఆ అరగంటలోనే కనుక, ఆ బేరం తెగిపోతే ఎక్కువ నష్టపోయేది ఆయనా కాదు, అమ్మేవాడూ కాదు, చాటున వినే పిల్లలు.

తరువాతి మెట్టు మాగవేయడం. కాయలను వరిగడ్డిలో పొరలు పొరలుగా పేర్చి కొట్టు తలుపు వేస్తే, పండే కాయ విడిచే ఇథిలీన్ అనే వాయువు గడ్డిలో చిక్కుకుని పక్క కాయలను కూడా పండిస్తుంది. ఫ్లాట్లలో వరిగడ్డి దొరకక, అదే పనికి బియ్యం డబ్బాను వాడుతున్నారు. తొందర ఎక్కువైన వ్యాపారులు పట్టుకున్న కాల్షియం కార్బైడు తేమ తగిలి ఎసిటిలీన్ వాయువును పుట్టించి తోలుకు పసుపు రంగు తెస్తుంది గాని లోపలి పులుపును అలాగే వదిలేస్తుంది. ఆరోగ్యానికి హాని కనుక దాని వాడకాన్ని నిషేధించారు. తాతగారికి ఈ రసాయనాల పేర్లతో పనిలేదు. ఆయన తెల్లవారుజామునే కొట్లోకి వెళ్లి, దీపం కూడా వెయ్యకుండా, ఒక్కొక్క కాయను ముక్కు దగ్గర పెట్టుకుని, ‘ఇది ఇవాళ సాయంత్రానికి, ఇది ఎల్లుండికి’ అని తీర్పు చెప్పి వస్తాడు. ఆ తీర్పు మీద అప్పీలు ఉండదు.

ఇక తినడం. పండ్లను ముందుగా నీళ్ల బేసినులో నానబెడతారు. తొడిమ దగ్గర ఊరే సొన, అనగా పెదవుల చుట్టూ పుండ్లు చేయగల ద్రవం, కడుక్కుపోవాలి. మామిడి, జీడిమామిడి ఒకే వృక్షకుటుంబానికి చెందినవి కనుక ఈ కాటు వేసే గుణం రెండింటికీ ఉంది. పండును రెండు అరచేతుల మధ్య పెట్టి, బొటనవేళ్లతో అడుగు నుంచి పైకి, తోలు చిట్లకుండా, లోపలి కండ పీచును వదిలి రసమయ్యేదాకా పిసకాలి. తక్కువ పిసికితే రసం రాదు. ఎక్కువ పిసికితే ఎదురుగా కూర్చున్న బంధువు చొక్కా మీదికి వస్తుంది. తొడిమను పంటితో తుంచి, మొదటి చుక్కను బయటికి పిండేసి, ముందుకు వంగి, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి నోరు పెట్టాలి. రసం అయిపోయాక తోలును పళ్లతో గీకడం, చివరికి టెంకను పీచు తెల్లబడేదాకా చీకడం శాస్త్రంలో విధించిన కార్యాలే. పిల్లలను చొక్కాలు విప్పించి కూర్చోబెట్టే ఆ పంక్తిలో ఉతికిన తెల్ల పంచెతో కూర్చుని, మూడు పండ్లు ముగించి, ఒక్క మరక లేకుండా లేచే మనిషి తాతగారొక్కడే. అది చూసిన మనవలకు గణితం పట్ల లేని గౌరవం గణితోపాధ్యాయుడి పట్ల అప్పుడు కలుగుతుంది.

ఆ మనవల్లో కొందరు ఇప్పుడు అమెరికాలో ఉన్నారు. చాలా ఏళ్లపాటు అక్కడికి భారతీయ మామిడి ప్రవేశమే లేదు. 2007లో తలుపు తెరిచినా, పురుగు భయంతో రేడియేషన్ పట్టించిన పండ్లనే రానిస్తున్నారు. అంత ఖరీదైన పెట్టెలో వచ్చేవి కూడా ఎక్కువగా కోతరకాలే కనుక, పంచె మీద మరక పడని విద్యను వాళ్లు ప్రదర్శించే అవకాశం తక్కువ.

అయితే ఈ మొత్తం వ్యవస్థ మీద నాయనమ్మగారి ఏకవాక్య శాసనం ఒకటి అమలులో ఉంటుంది. ‘మచ్చ పడ్డవి ముందు తినండి, మంచివి రేపటికి ఉంటాయి.’ పైకి ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. కాని సోమవారం మంచివని దాచిన పండ్లకు మంగళవారం మచ్చ పడుతుంది, మంగళవారం దాచినవాటికి బుధవారం పడుతుంది. ఈ విధంగా గంపనిండా మేలైన పండ్లున్న ఇంట్లో వేసవి పొడుగునా అందరూ చెడిన పండ్లే తింటారు. ఈ శాసనం మామిడికే పరిమితం కాదని బీరువాలో మడత విప్పని పట్టుచీరలు, అద్దాల అలమరలో అతిథుల కోసం కాచుకున్న పింగాణీ కప్పులు, ప్లాస్టిక్ తొడుగు విప్పని సోఫాలు సాక్ష్యం చెబుతాయి. తెలుగు మధ్యతరగతి ఆర్థికశాస్త్రాన్ని ఎవరైనా గ్రంథంగా రాయదలిస్తే మొదటి సూత్రం ఇదే కావాలి.

తాతగారు ఈ శాసనాన్ని ఏనాడూ ధిక్కరించలేదు. దానికి తగిన సాక్ష్యాన్ని పుట్టించాడు. గంపలోకెల్లా మేలైన పండును ఏరి, కుడిచేతి బొటనవేలి గోరును దాని బుగ్గ మీద గట్టిగా నొక్కి, వసారా అంతా వినబడేటట్టు ‘ఏమోయ్, దీనికీ మచ్చ పడింది, రేపటిదాకా ఆగదు’ అని ప్రకటించి, దగ్గర్లో ఉన్న చిన్న మనవరాలి చేతిలో పెట్టేవాడు. సీజను సగానికి వచ్చేసరికి ఇంట్లో మచ్చ పడే పండ్ల సంఖ్య విపరీతంగా పెరిగింది. నాయనమ్మగారు ఒక పండును వెలుతురులో తిప్పి చూసి, ‘ఏమండీ, ఈ ఏడాది మచ్చలన్నీ నెలవంకల్లా పడుతున్నాయేమిటి?’ అని మాత్రం అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్లింది. ఆ సాయంత్రం కాఫీ గ్లాసుతో పాటు ఆయన చేతికి నెయిల్ కట్టర్ కూడా అందింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బుద్ధిగా ఎడమచేతి గోళ్లు మాత్రం కత్తిరించుకున్నాడు.