సముద్రానికి మూతేమిటి?

మా పెద్దబావ ఇంట్లో టీవీ రిమోట్‌కి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. ఫ్రిజ్ నెత్తిన లేసు గుడ్డ, వాషింగ్ మెషీన్‌కి జిప్పు కోటు, సోఫాకి కవరు, ఆ కవరు మాయకుండా పైన తువ్వాలు. కారు కొని ఏడాదైంది, సీట్ల మీది పాలిథీన్ ఇంకా ఊడదీయలేదు. ఆ కొంపలో బోడితలతో ఉన్నది ఒక్కటే: హాల్లో ఈశాన్యం మూలనున్న 300 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం.

"మూత పెడితే లుక్కు పోతుంది. అయినా సముద్రానికి మూత ఉందా?" అన్నాడు, ఉపనిషత్తు విప్పినట్టు.

లేదు, నిజమే. సముద్రం మీద సీలింగ్ ఫ్యానూ లేదు. అక్కడ ఎగిరిన చేప తిరిగి సముద్రంలోనే పడుతుంది, సోఫా కింద పడదు.

మొదట పోయింది ఫైర్‌ఫిష్. వేలెడంత ప్రాణి, ముందు సగం తెలుపు, వెనక సగం నిప్పు. 1938లో ఫౌలర్ అనే శాస్త్రవేత్త దీనికి ముచ్చటపడి 'మాగ్నిఫికా' అని పేరు పెట్టాడు. పగడపు దిబ్బల దగ్గర తన బొరియకు కాస్త పైన నిలబడి, ఏ నీడ కదిలినా అందులోకి దూరిపోవడం దాని బతుకుతెరువు. బావ తొట్టెలో తెల్లటి ఇసుక ఉంది, ఖరీదైన రాయి ఉంది, తలదాచుకునే బొరియ లేదు. ఒక రాత్రి కరెంటు పోయింది. లైటు టక్కున ఆరింది. కిందికి దారి లేనిది పైకి ఎగిరింది. పొద్దున్న పనమ్మాయి చీపురుకి నెత్తళ్ళలా ఎండి తగిలింది.

"ఇంటికి రావలసిన కీడు అది మోసుకుపోయింది" అని తేల్చాడు బావ. తర్వాత రాస్ చేప మరో కీడు మోసింది. ఆ తర్వాత పాముచేప, పైపు పక్కగా జారి, చెప్పుల స్టాండు దాకా వెళ్ళి మరీ మోసింది. ఒక్క వేసవిలో మూడు గండాలు గట్టెక్కిన ఇల్లు మా బంధువర్గంలో ఇంకోటి లేదు. వాస్తు చూసినాయన ఏ మూల పెట్టాలో, ఎన్ని చేపలుండాలో, ఏ రంగువి కొనాలో అన్నీ చెప్పాడు. తొట్టెకి నాలుగు దిక్కులూ చూశాడు గానీ పైకి మాత్రం తలెత్తలేదు.

ఇక నీళ్ళ సంగతి. సముద్రపు నీట్లో లీటరుకి రమారమి 35 గ్రాముల ఉప్పు. అంటే ఆ తొట్టెలో పదిన్నర కిలోలు. మూత లేదు, ఫ్యాను తిరుగుతోంది, హైదరాబాదు మే నెల. 30 లీటర్లు ఆవిరైపోతే ఉప్పు ఎక్కడికీ పోదు. 35 కాస్తా 39కి చేరుతుంది. పులుసు మరిగి ఉప్పెక్కితే మా అక్క మంచినీళ్ళు పోస్తుంది. ఆవిడ మొగుడు ఉప్పు కలిపిన నీళ్ళు పోస్తాడు, 'సముద్రం కదా' అని. ఇరవై ఏళ్ళుగా ఒకే కప్పు కింద ఉన్నారు, ఈ ఒక్క విద్యా వంటింట్లోంచి హాల్లోకి రాలేదు.

మా చిన్నబావ దీనికి పూర్తి విరుద్ధం. ఆయన తన తొట్టెకి మందపాటి అద్దం కోయించి, ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టు బిగించాడు. చేప ఎగరదు, నిజమే. లోపల వేడీ ఎగరదు, గాలీ ఆడదు. బొగ్గుపులుసు వాయువు నీళ్ళలోనే పేరుకుని పీహెచ్ దిగజారుతుంది. అద్దం మీద ఉప్పు పొర కట్టి, వేలు పోసి కొన్న లైటు బెడ్‌ల్యాంపయింది. అద్దం బరువని యాక్రిలిక్ రేకు తెచ్చాడు. కింది వైపు మాత్రమే తేమ పీల్చి వారాల్లో అప్పడంలా వంగింది. చివరికి ఇనుప జాలీ పరిచాడు. ఉప్పుగాలికి తుప్పు రాలుతోంటే అది చేపలకి ఐరన్ టానిక్ అన్నాడు. రాగి జాలీ కోసం కూడా బేరమాడాడట, రాగి చెంబులో నీళ్ళు ఆరోగ్యం కదా అని. రొయ్యకి రాగి విషమని ఎవరో చెప్పబట్టి ఆగాడు.

కావలసిందల్లా చట్రానికి బిగించిన సన్నని ప్లాస్టిక్ వల. కన్ను 6 మిల్లీమీటర్లుంటే చాలు: గాలి ఆడుతుంది, వెలుగు దిగుతుంది, ఫైర్‌ఫిష్ దాటదు. నీరు ఆవిరవుతుంది, కాదనను. రోజూ ఆ మేరకు ఉప్పు లేని, శుద్ధి చేసిన నీళ్ళు పోసుకోవాలి. పైపుల దగ్గర సందు లేకుండా కోయాలి, ఆ పాముచేప ఆత్మ శాంతించేలా. కిటికీలకి దోమల జాలీ బిగించే కుర్రాడు మధ్యాహ్నం భోజనానికి ముందే చేసిపెడతాడు. దోమల జాలీనే పరచమనకూడదు, అంతే. ఆ సన్నని కళ్ళు ఉప్పుతో పూడిపోతాయి.

ఇదంతా చెబితే పెద్దబావ శ్రద్ధగానే విన్నాడు. కొలతలు కూడా రాసుకున్నాడు. ఇప్పుడు ఆషాఢమట, శ్రావణంలో మంచిరోజు చూసి వల వేయిస్తాడట. ఈలోగా తొట్టె బోసిగా ఉందని ఇంకో రెండు ఫైర్‌ఫిష్‌లు తెచ్చాడు.