బండను దొర్లించే పొదుపు

పల్నాటి నాదెండ్లలో గ్యాస్ అయిపోవడమంటూ ఉండదు. బండ అలిసిపోతుంది, అంతే. మంట సన్నగిల్లగానే ఇంటికో వైద్యుడు లేస్తాడు. ఒకాయన బండను పడుకోబెట్టి అటూ ఇటూ దొర్లిస్తాడు. ఇంకొకాయన దాని అడుగున వేడినీళ్ల బేసిన్ పెడతాడు. కుక్కర్ మరో రెండు కూతలు కూసిందా, ఇక ఆయన్ను పట్టలేం. "చూశావా అత్తా, ఇంకా పావుకిలో ఉంది!"

శభాష్. అంతకుముందు పద్నాలుగు కిలోలు ఏం చేశారని మాత్రం అడక్కూడదు. గ్లాసెడు పాలకు పెద్ద బర్నర్. గిన్నె అంచులు దాటి ఎగబాకే మంట. పప్పు నానబెట్టరు, మూత పెట్టరు. నీళ్లు తెర్లాక మంట ఎంత పెంచినా వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. పెరిగేది ఆవిరి, ఉడికేది వంటింటి కప్పు. మంట పచ్చగా మారితే బర్నర్ కన్నాలు పూడుకుపోయాయని కాదు, లక్ష్మీకళ వచ్చిందని వీళ్ల లెక్క. బండకు పసుపు కుంకుమలు పెట్టిన ఇల్లు కదా!

గుంటూరు మిర్చి యార్డులో తరుగు కింద కిలో కోస్తే గొంతు చించుకునే రైతే, గుమ్మంలోకొచ్చిన బండను తూచమని నోరు తెరవడు. ఖాళీ బరువు బండ మీదే రాసి ఉంటుంది. దానికి 14.2 కిలోలు కలిపితే సరి. అడిగితే తూచి చూపాల్సింది డెలివరీ కుర్రాడే. బండను మళ్లీ పరీక్షించాల్సిన గడువు కూడా దాని మీదే ఉంటుంది. చదివే తీరిక లేదు. దొర్లించే తీరిక బోలెడు.

బండలో అడుగున ద్రవం, పైన ఆవిరి. రెగ్యులేటర్ ఉన్నది ఆవిరి కోసం. పడుకోబెడితే ద్రవమే పైపులోకి దూకుతుంది. బయటపడితే దాదాపు 250 రెట్లు ఉబ్బుతుంది. గాలికంటే బరువైన ఆ గ్యాస్ మర్యాదగా కిటికీలోంచి వెళ్లిపోదు, నేలబారున పరుచుకుని నిప్పు కోసం చూస్తుంది. నిప్పుకేం కొదవ? లీకుందేమో చూడ్డానికి మనవాళ్లు గీసేది అగ్గిపుల్లే! సబ్బు నురగ రాస్తే బుడగలే చెబుతాయి. కానీ నురగతో పల్నాటి పౌరుషం ఏం కావాలి?

2024 నవంబరు 1 నుంచి రాష్ట్ర ప్రభుత్వ దీపం-2 పథకం కింద అర్హులకు ఏడాదికి మూడు బండలు ఉచితం. పైగా ఆ పథకం చూసే పౌరసరఫరాల మంత్రి మనోహర్ గారి ఇంటిపేరూ నాదెండ్లే. "ఊరికే వచ్చే గ్యాసేగా" అని మంట పెంచే పెద్దలకు ఒకటే ప్రశ్న: ఊరికే వచ్చేదైతే చివరి గుక్కెడు కోసం ఈ దొర్లింపులెందుకు?

పొదుపు చేసేదేదో మొదటి రోజే చేయండి. మూత పెట్టండి, మంట తగ్గించండి, పడుకునే ముందు రెగ్యులేటర్ కట్టేయండి. బండ తేలికైతే కొత్తది బుక్ చేయండి. కాదు, దొర్లించే తీరతామంటారా? గ్యాస్ లీకైతే ఫోన్ చేయాల్సిన నంబరు 1906. ముందే పక్కింటివాళ్లకు రాసిచ్చి పెట్టండి. ఫోన్ చేసే స్థితిలో మీరుంటారన్న నమ్మకం లేదు.