పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం: వాడే విధానం

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేయకూడదని పెద్దలు చెప్పారు గానీ, వేసి తీరాలనుకునేవాళ్లకు పద్ధతి మాత్రం చెప్పలేదు. ఆ లోటును 1932లో ఆస్ట్రేలియా సర్కారు తీర్చింది. వాళ్ల పిచ్చుక పేరు ఈము. ఎత్తు ఐదారడుగులు, పరుగు గంటకు 50 కిలోమీటర్ల దాకా. ఆసక్తి ఉన్నవారు ఈ వరస తప్పకుండా పాటించండి.

1. ముందు శత్రువుకు విందు పెట్టండి. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు పశ్చిమ ఆస్ట్రేలియాలో అంతంతమాత్రం భూములిచ్చి, అడవి కొట్టించి, గోధుమ వేయించండి. పశువులకు నీటి గుంటలు తవ్వించండి. ఏటా తీరం వైపు వలసొచ్చే ఈములు దారిలో తిండీ నీళ్లూ ఒకేచోట దొరికితే ఎందుకు వదులుతాయి? క్యాంపియన్ ప్రాంతంలో దాదాపు 20,000 దిగాయి. తిన్నంత తిని, మిగిలింది తొక్కి, కుందేళ్లు రాకుండా వేసిన కంచెలకు కంతలు పెట్టాయి. అసలే గోధుమ ధర పడిపోయిన మాంద్యం రోజులు.

2. అర్జీ వ్యవసాయ శాఖకు పెట్టకండి. నేరుగా రక్షణ మంత్రి దగ్గరికి వెళ్లండి. మంత్రి జార్జ్ పియర్స్ సరేనన్నాడు. తుపాకులు సైనికులే పేల్చాలి, తూటాల ఖర్చు, తిండి, బస మాత్రం రైతులవి. సైనికులకు గురి చూసి కాల్చే సాధన కూడా అవుతుందట! వెంట ఒక సినిమా కెమెరామన్‌ను తీసుకెళ్లడం మరవకండి. పరువు పోయేటప్పుడు సాక్ష్యం ఉండాలి కదా.

3. మెషిన్‌గన్‌ను నమ్ముకోండి. మేజర్ మెరెడిత్ రెండు లూయిస్ గన్లు, 10,000 తూటాలతో నవంబరు 2న రంగంలోకి దిగాడు. పక్షులు చిన్న చిన్న గుంపులుగా చీలి తలో దిక్కూ పరిగెత్తాయి. రెండ్రోజుల తర్వాత ఒక నీటికట్ట దగ్గర మాటు వేశారు. వెయ్యికి పైగా ఈములు తీరిగ్గా నడిచొస్తున్నాయి. బాగా దగ్గరికొచ్చేదాకా ఆగి పేల్చారు. డజను పడ్డాయో లేదో, తుపాకీ బిగుసుకుపోయింది. మిగతావి ఆ రోజు మళ్లీ కనబడలేదు.

4. తుపాకీని లారీకి ఎక్కించండి. గతుకుల్లో లారీ ఈమును అందుకోలేదు, కుదుపులకు పైనున్నవాడు ఒక్క గుండూ పేల్చలేడు. ఇంధనం ఖర్చు లేకుండా పరిగెత్తేవాడిదే గెలుపు.

5. ఓడినా లెక్కలు పక్కాగా రాయండి. తొలి వారం 2,500 తూటాలు పేల్చాక సైన్యాన్ని వెనక్కి పిలిచారు. మనవైపు ప్రాణనష్టం లేదని మేజర్ నివేదికలో రాసుకున్నాడు! రైతులు మొత్తుకుంటే మళ్లీ పంపారు. డిసెంబరులో ముగించేసరికి 9,860 తూటాలకు 986 పక్షులని తేల్చారు. పక్షికి సరిగ్గా పది, ఒకటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఇంత చక్కటి భాగహారం సర్కారీ కాగితాల్లోనే కుదురుతుంది.

6. తుపాకీ లేకుండా ఓడాలంటే మన దగ్గరికి రండి. ఈము నూనె, మాంసం, గుడ్డు అన్నీ బంగారమేనని నమ్మి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎందరో రైతులు అప్పుచేసి జతలు కొన్నారు. 2012 ప్రాంతంలో బేరం కుప్పకూలింది. కొనేవాడు లేడు, మేత మాత్రం రోజూ కావాలి. అక్కడ పంట తిని గెలిచిన పక్షి, ఇక్కడ దొడ్లో కూర్చుని గెలిచింది.

ఇంతకీ ఆస్ట్రేలియా రైతులు ఆ తర్వాత సైన్యం కోసం మూడుసార్లు అడిగినా సర్కారు పంపలేదు. తలకింత అని బహుమానం ఇస్తే 1934లో ఆరు నెలల్లోనే 57,034 ఈములకు రైతులే లెక్క చూపించారు. తర్వాత్తర్వాత మంచి కంచెలు వేసుకున్నారు. కాబట్టి పక్షి పొలంలో పడితే కంచె వేయండి. అదే పక్షిని అంటగట్టి, పెంచండి, కొనే పూచీ మాది అని ఎవరైనా వస్తే, ముందు ఆ కొనేవాణ్ని చూపించమనండి.